కుడిచేతి మాటలు

కోరుట్ల
10 జూలై 2011

అన్నా,

ఫోన్‌లో అడిగితే నువ్వు మాట మారుస్తున్నావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరం మధ్యలో "సిగ్నల్ పోతుంది చెల్లె" అని పెట్టేయలేవు. రుక్కమ్మత్త పక్కింటి దుర్గయ్య ఎల్లుండి మీ దమ్మామ్‌కే బయలుదేరుతున్నాడు. మామిడికాయ తొక్కు, ఈ కాగితాలు అతని చేతికిస్తున్నాను.

బాపుకు ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. ఈ మాట నీకు ఇదివరకు సగమే చెప్పాను. బట్ట నేసే సాంచ మీద కాసేపు నిలబడితే చాలు, గోడకు ఆనుకుంటున్నాడు. సిరిసిల్ల దవాఖానలో ఛాతీ ఫోటో తీశారు. ఊపిరితిత్తులు బాగా చెడ్డాయి, కరీంనగర్ తీసుకుపోయి చేర్పించాలి, ఆలస్యం చేయొద్దు అన్నారు. బాపు రానంటున్నాడు. ఎందుకు పోవాలో ఆయనకు చెప్పగలిగినవాళ్లు ఇంట్లో లేరు.

నీకు తెలియనిది కాదు. ముప్పై ఏండ్ల సాంచాల చప్పుడుకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. ఆయన మాట్లాడతాడు, మనం మాట్లాడింది ఆయనకు చేరదు. చదువు రాదు కనుక రాసి చూపించలేను. అవ్వ సైగలు అన్నం, నీళ్లు, బీడీల ఆకు దగ్గర ఆగిపోతాయి. ఆ చప్పుడులో కార్ఖానా వాళ్లు చేతులతో మాట్లాడుకునే మాట ఇంట్లో నీకొక్కడికే వచ్చు. నువ్వు పదేండ్లకే ఆయన పక్కన నిలబడి కండెలు చుట్టావు. నన్నేమో ఆ మోత చదువుకు పడదని కార్ఖానా గడప తొక్కనీయలేదు. మన ఇంట్లో మొదట చదువుకున్నది నేనే. బాపుతో మాట్లాడరానిది కూడా నేనే.

అందుకే నువ్వు పంపిన చేతి కంప్యూటర్ మాకు అంత అపురూపమైంది. అవ్వ దాన్ని పలక అంటుంది, ఇప్పుడు కోరుట్లలో అందరికీ అది పలకే. నేను పనిచేసే ప్రభాకర్ సార్ నెట్ సెంటర్లో వైర్‌లెస్ డబ్బా పెట్టినప్పటి నుంచి గల్ఫ్ వాళ్ల ఆడవాళ్లంతా మా మెట్ల మీదే ఉంటున్నారు. తీగ లేకుండా నెట్ ఎట్లా వస్తుందని ఎవరూ అడగరు. ఏ మెట్టు మీద బాగా వస్తుందో మాత్రం అందరికీ తెలుసు. గాజుల దుకాణం దాటితే బొమ్మ నిలిచిపోతుంది. మొన్న అల్లుడు పలకలో కనిపించగానే రుక్కమ్మత్త కొంగు నెత్తిమీద కప్పుకుంది. "అల్లుడు గీడ లేడే అవ్వా, సౌదిల ఉన్నడు" అని కూతురు నవ్వితే, "యాడుంటే ఏంది, సూస్తుండు గద?" అంది.

ఏప్రిల్‌లో బాపును సిరిసిల్ల నుంచి తెచ్చి ఆ మెట్ల మీద కూర్చోబెట్టినప్పుడు మీరిద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో గుర్తుందా? ఎడమ చేతిలో పలక, కుడిచేత్తో మాటలు. ఆడవాళ్లు తమ మాటలు ఆపి మీ చేతులు చూశారు. బాపు అంత నవ్వడం నేను అప్పుడే చూశాను. ఏం చెప్పుకున్నారని కనుబొమ్మలెగరేసి అడిగితే, "గది మా ఇద్దరి ముచ్చట" అన్నాడు.

జూన్‌లో రెండుసార్లు ఆయనను సిరిసిల్ల నుంచి తెచ్చాను. రెండుసార్లూ నీ గొంతే వచ్చింది, తెర నల్లగా ఉంది. కెమెరా పోయిందన్నావు. నీ గొంతు బాపుకు ఏం పనికొస్తుంది? మీ గదిలోనే ఉండే జలపతి మాత్రం వాళ్ల అవ్వకు అదే వారం కనిపించాడట.

నేను నిన్ను అడిగేది ఒక్కటే. ఒకసారి తెరమీదకు రా. కరీంనగర్ పొమ్మని నీ చేత్తో చెప్పు. నువ్వు చెబితే వింటాడు.

నీ చెల్లె
ప్రవళిక


దమ్మామ్, క్యాంపు
26 జూలై

చెల్లె ప్రవళికకు,

మీ అన్న సురేందర్ చెప్పంగ జలపతి రాస్తున్నడు. నా రాత నీకు ఎరికే గద, కోళ్లు కెలికినట్టు ఉంటది. జలపతి రాత ముద్దుగుంటది. మాది ఇప్పుడు రాత్రి డ్యూటీ, రాసుకునే తీరిక లేదు.

తొక్కు అందింది. అవ్వకు చెప్పు, ఉప్పు సరిపోయింది. జలపతిగాడు సగం సీసా మింగిండు. (గీ మాట అబద్ధం. నేను కలిపి పెడితే మొత్తం ఆయనే తిన్నడు. — జలపతి)

కెమెరా నిజంగనే పోయింది చెల్లె. జలపతిది వేరే పలక, అది వాడు ఎవ్వలకు ఇయ్యడు. నాకేం కాలె. మంచిగున్న. ఎండ బాగ కొడుతుంది, గంతే. నువ్వు పెద్ద పెద్ద చదువులు చదివి చిన్న చిన్నయిటికి బుగులు వడుతున్నవ్.

బాపును ఇనకపోతే గుంజుకపో. ఎల్లన్న ట్రాలీ ఆటోల ఎక్కియ్. నేను చెప్పేదాంక ఆగుడు ఎందుకు?

సరే, నువ్వు ఊకోవు. ఆగస్టు పన్నెండు శుక్రవారం మాకు సెలవు. గా దినం పలక ఎట్లన్న బాగుచేయించి కనవడుత. కరీంనగర్ ముచ్చట చెప్త. బాపుకు గడ్డం గీయించి తోలుకరా.

అవ్వను బీడీలు జర తక్కువ చుట్టుమను, నడుము పోతది.

మీ అన్న
సురేందర్


కోరుట్ల
14 ఆగస్టు

అన్నా,

మొన్న శుక్రవారం మేము పలక మూసేదాకే నువ్వు చూశావు. తర్వాత జరిగింది రాస్తున్నాను.

బాపు తెల్ల అంగీ వేసుకుని అవ్వతో కలిసి మొదటి బస్సుకే వచ్చాడు. మా మెట్లు ఎన్నో లేవు, అయినా మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. నీ ముఖం వచ్చింది. చిక్కిపోయావు. "నన్ను గడ్డం గీసుకోమని నువ్వు దొంగ లెక్క పెంచినవేందిరా" అన్నాడు బాపు. నువ్వు నవ్వావు.

తర్వాత పలక కిందికి వంగింది. నీ ముఖం పోయి చెయ్యి వచ్చింది. ఆ చెయ్యి చాలాసేపు మాట్లాడింది. ఛాతీ చూపించింది, దూరం చూపించింది, కరీంనగర్ గురించేనని నాకు కూడా అర్థమైంది. బాపు ఆ చేతినే చూశాడు. చూసి చూసి, పలకను నా ఒళ్లో పెట్టి, మెట్లు దిగి బస్టాండు వైపు నడిచాడు. వెనక నుంచి పిలిస్తే వినపడదు కదా. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"బిడ్డా, గా చెయ్యి సురేందర్‌ది గాదు" అన్నాడు.

బస్టాండులో బల్ల మీద కూర్చొని, నలుగురూ వినేలా, తన గొంతు తనకు తెలియదు కదా, గట్టిగా చెప్పాడు. "గది వెంకంపేట దిక్కు కార్ఖానాల చెయ్యి. 'పో' అనేటందుకు మనం వేళ్లు విసిరి ఇడుస్తం. వాండ్లు మణికట్టు తిప్పుతరు. నా కొడుక్కు మాట నేర్పినోన్ని నేను. నాకు తెల్వదా?"

మరి ముఖం నీదే కదా అని నీ ఫోటో చూపించాను.

"మొకం ఎప్పుడో పట్టి పెట్టిన్రు. పెండ్లి క్యాసెట్ లెక్క. నేనన్న మాటకు జవాబిచ్చిండా? నవ్విండు, గంతే. వాడు ఎప్పటికీ నవ్వేటోడే" అన్నాడు. "పెట్టె ఎన్నడొస్తది?" అని అడిగాడు.

ఏ పెట్టెనో నీకు చెప్పనక్కరలేదు. ఈ దిక్కు గల్ఫ్ నుంచి మనిషికి బదులు వచ్చే పెట్టె ఎన్ని ఇండ్ల ముందు దిగలేదు? ముఖం ఒకసారి, చెయ్యి ఒకసారి చూపించారు కనుక, నువ్వు లేవని, అందరం కలిసి దాస్తున్నామని ఆయనకు ఖాయమైపోయింది.

నిన్న సిరిసిల్ల నుంచి అవ్వ ఫోన్ చేసి ఏడ్చింది. బాపు గోలీలు వేసుకోవడం మానేశాడు. ఇంటికి ఎవరొచ్చినా పెట్టె సంగతే అడుగుతున్నాడట. అవ్వ కాదని తల ఊపుతుంది, చేతులు ఊపుతుంది, నీ ఫోటో గుండెకు అద్దుకుని బతికే ఉన్నాడని చూపిస్తుంది. ఫోటో గుండెకు అద్దుకుంటే చూసేవాళ్లకు ఏమనిపిస్తుందో చెప్పు.

నేను ఆయన ముందు కూర్చుంటే నా పెదవులు చూస్తాడు. నాకు ఆయన మాట రాదని గుర్తొచ్చి ముఖం తిప్పుకుంటాడు. డిగ్రీ పాసైన రోజు నా కాగితాన్ని కార్ఖానా అంతా తిప్పి చూపించిన మనిషి. నువ్వు బతికి ఉన్నావన్న రెండు ముక్కలు ఆయనకు చెప్పలేని చదువు నాది.

అన్నా, ఆ చెయ్యి జలపతిది, కదా? నీ చెయ్యి ఏమైంది?

ప్రవళిక


దమ్మామ్
4 సెప్టెంబర్

చెల్లె,

గిది ఎడమ చేత్తోని రాస్తున్న. తప్పులుంటయ్. గీ ముచ్చట జలపతితోని రాయించుడు నాతోని కాదు.

జూన్ల ఇనుప చువ్వలు వంచే మిషన్ల కుడిచెయ్యి పడ్డది. బొటనవేలు, దాని పక్క వేలు ఉన్నయ్. తతిమ్మ మూడు లేవు. కంపెనీ తప్పు నాదే అంటుంది. పాస్‌పోర్టు వాండ్ల తాననే ఉన్నది, కేసు తేలేదాంక ఇయ్యరట. ఎన్నడు తేలుతదో ఎవ్వలు చెప్తలేరు. ఇప్పుడు నన్ను గేటు కాడ కూసోబెట్టిండ్రు. వచ్చిపోయే లారీలు చూస్త.

జలపతి చెయ్యి చూపిద్దామన్న ఉపాయం నాదే. వాన్ని ఏమనకు. వానిది వెంకంపేట అన్నది నాకు యాదికే రాలె. కార్ఖానాల మాట్లాడంగ మణికట్టు తిప్పుడు గిప్పుడు నేను ఎన్నడు చూడలె. బాపు చూసిండు.

ఎడమ చేత్తోని మాట్లాడు అంటవు నువ్వు. అద్దం ముంగట నిలవడి చూసిన. పిచ్చోడు ఈగలు కొట్టుకున్నట్టు ఉన్నది. సాంచ నడువంగ ఎడమ చెయ్యి ఎప్పటికీ పిడి మీదనే ఉంటది. అది మాట్లాడంగ ఎవ్వలు చూడలె, దానికి మాట రాదు. 'అన్నం తిన్నవా' అనేటందుకు ఐదు వేళ్లు గావాలె. 'పో' అనేటందుకు నాలుగు గావాలె. నాకున్నయి రెండు.

బాపుకు చెప్పకు చెల్లె. నీ కాళ్లు మొక్కుత. పోరడు సచ్చిండు అనుకుంటే కొన్ని దినాలు ఏడ్సి ఊకుంటడు. మాట లేని కొడుకు ఉన్నా ఏం చేసుకుంటడు? మాకు ఇద్దరికి ఉన్నదే గా చేతుల ముచ్చట. అది పోయినంక నేను ఆయనకు ఏం గావాలె?

నాకు ఫోన్ చెయ్యకు. ఎత్తను.

సురేందర్


సిరిసిల్ల
1 అక్టోబర్

అన్నా,

నువ్వు అన్నట్టే ఫోన్ ఎత్తడం లేదు. బాపుకు చెప్పొద్దన్నావు, చెప్పాను. దుర్గయ్య తమ్ముడు రేపు బొంబాయి మీదుగా మీ దిక్కు వస్తున్నాడు. అతను పోతే మళ్లీ ఎవరు దొరుకుతారో తెలియదు కనుక ఇప్పుడే రాయాలి.

ఇక్కడ సమ్మె. బస్సులు లేవు. బొగ్గు బావులు ఆగి కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. కరెంటు పోతే వైర్‌లెస్ డబ్బా చచ్చిపోతుంది. ప్రభాకర్ సార్ షట్టర్ దించి, "తెలంగాణ వచ్చినంక తెరుద్దాం తియ్" అన్నాడు. అయినా ఆడవాళ్లు అలవాటు కొద్దీ పలకలు పట్టుకుని వచ్చి, మూసిన షట్టర్ ముందు మెట్ల మీద కాసేపు కూర్చొని వెళ్లిపోతున్నారు. నేను ఎల్లన్న ట్రాలీలో ఇంటికి చేరాను.

సాంచాలన్నీ ఆగిపోయాయి. ఇంత నిశ్శబ్దంగా సిరిసిల్లను నేనెప్పుడూ వినలేదు. నేల అదరడం ఆగిందని మాత్రం బాపుకు తెలిసింది. రోజూ చౌరస్తాలో వంటావార్పు దగ్గరికి పోయి కూర్చుంటున్నాడు. నినాదం వినపడదు కనుక అందరి పిడికిళ్లు లేచి దిగుతుండగా ఆయన పిడికిలి లేస్తుంది. ఎవరో నవ్వితే, "ఎన్కనన్న లేస్తుంది గద" అన్నాడట.

నీ ఉత్తరాన్ని చాలా రోజులు ఎవరికీ చూపించలేదు. అవ్వకు కూడా. నువ్వు లేవని ఆయన అనుకోవడమే మంచిదేమోనని నేనూ అనుకున్నాను, నీ దగ్గర దాచను. కానీ మొన్న వీధిలో అంబులెన్స్ ఆగితే ఆయన పరుగెత్తుకుంటూ పోయి దాని తలుపు పట్టుకున్నాడు. అది వేరే ఇంటికి వచ్చింది. తిరిగి రావడానికి ఊపిరి చాలక రోడ్డు మీదే కూలబడ్డాడు. ఆ పూటే చెప్పాను.

అరుగు మీద ఆయన ముందు కూర్చొని, నీ ఫోటో పెట్టి, నా కుడిచేతి మూడు వేళ్లు మడిచి చూపించాను. ముల్లు గుచ్చుకుందేమోనని వేళ్లు విప్పి చూశాడు. మళ్లీ మడిచాను, మళ్లీ విప్పాడు. ఈసారి మడిచిన చెయ్యిని ఫోటోలో నీ కుడిచేతి మీద పెట్టాను. అప్పుడు విప్పలేదు.

"ఉన్నడా?" అన్నాడు.

తల ఊపాను. నా ముఖం చేతుల్లోకి తీసుకుని దగ్గరగా చూశాడు. నేను ఏడుస్తున్నాను, అయినా నమ్మాడు. అబద్ధం చెప్పడానికి కూడా నాకు ఆయన మాట రాదని తెలుసు కదా. "ఉన్నడు" అని తనే అనుకున్నాడు. అవ్వను పిలిచి ఆమెకూ చెప్పాడు. "పోరనికి మూడు వేళ్లు పోయినయే. మాట చెప్పరాక మొకం దాసుకున్నడు." అవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. ఆయనే ఆమెను తిట్టాడు. "మన కార్ఖానా మొండయ్యకు వేళ్లు పోలేదా? గా మిగిలిన చేత్తోనే సాంచాల ఆసామిని ఎన్ని బూతులు తిడ్తడు!"

కానీ మొండయ్యకు పోయినవి వేరే వేళ్లు. కాసేపటికి బాపుకు అదే గుర్తొచ్చినట్టుంది. అవ్వ చాటలో నుంచి బీడీలు కట్టే దారం తీసుకుని ఆమె ముందు కుడిచెయ్యి చాపాడు. మూడు వేళ్లు మడిచి కట్టమన్నాడు. అవ్వ ఏడుస్తూనే బీడీ కట్టినట్టు బిగించి కట్టింది.

అప్పటి నుంచి అరుగు మీద కూర్చొని ఆ రెండు వేళ్లతో ఏ మాటలు అవుతాయో వెతుకుతున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "రాయి బిడ్డా, వానికి పంపు" అంటున్నాడు. మొదటిసారి నా చదువుతో ఆయన పని చేయించుకుంటున్నాడు. రాస్తున్నాను, చదువుకో.

నీళ్లు అవుతుంది, బొటనవేలు పెదవికి తాకిస్తే చాలు. పోగు తెగిందని ఎప్పుడూ రెండు వేళ్లతోనే చెబుతారట, అది పోలేదు. ఆసామి వచ్చాడంటే మీసం మెలేయాలి, అదీ పోలేదు, అది చేసి నవ్వాడు. 'అన్నం తిన్నవా' కోసం ఐదు వేళ్ల ముద్ద అక్కరలేదు, రెండు వేళ్లతో పేలాలు ఏరుకుని తిన్నట్టు చేస్తే తనకు తెలుస్తుందట. 'పో' అనడానికి చూపుడువేలు ఒక్కటి విసిరితే చాలు, కానీ మణికట్టు తిప్పొద్దు. ఇవి చెబుతుంటేనే దగ్గు వచ్చి ఆగిపోతున్నాడు. మళ్లీ మొదలుపెడుతున్నాడు.

ఒక్క మాట దగ్గర ఆగిపోయాడు. 'ఇంటికి వస్తా' అనడానికి చెయ్యంతా విప్పి భుజం మీదికి తెచ్చుకోవాలి. అది రెండు వేళ్లతో ఎన్ని తీర్లుగా చేసినా ఆయనకే నచ్చడం లేదు. నిన్నంతా అదే. చివరికి, "గదొక్కటి వాన్నే ఎతుక్కోమను" అన్నాడు.

ఛాతీ, దూరం చూపించి కరీంనగర్ మాట ఎత్తితే, "సురేందర్ చెప్తే పోత. గా వెంకంపేట చెయ్యి నాకొద్దు" అంటున్నాడు. పడుకుంటే ఊపిరి అందదని గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు. ఇంకా ఆగితే దవాఖాన వాళ్లు కూడా చేసేదేమీ ఉండదని మళ్లీ చెప్పారు. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. నాకే భయంగా ఉంది. నువ్వు ఇంటికి వచ్చే రోజు నాకు కనుచూపు మేరలో కనిపించడం లేదు, బాపు అప్పటిదాకా ఉంటాడన్న ఆశా నాకు లేదు. నేను అడుగుతున్నది నిన్ను రమ్మని కాదు, తెరమీదకు రమ్మని.

జగిత్యాల బస్టాండు ఎదురుగా ఒక లాడ్జిలో జనరేటర్ ఉంది, వైర్‌లెస్ ఉంది. కింద హాల్లో కూర్చోనిస్తామన్నారు. పద్నాలుగో తారీఖు శుక్రవారం, నీకు సెలవు. ఎల్లన్న ట్రాలీలో పరుపు వేసి బాపును అక్కడికి తీసుకెళ్తాను. నువ్వు వస్తావంటేనే తీసుకెళ్తాను. నల్ల తెర చూపించడానికైతే ఆయనను అంత దూరం కుదిపి తీసుకుపోలేను.

దారం విప్పుదామంటే, నీ కబురు వచ్చేదాకా వద్దంటున్నాడు. ఎడమ చేత్తో తినడు కదా, అన్నం అవ్వే కలిపి పెడుతోంది.

పన్నెండో తారీఖులోగా జలపతి ఫోన్ నుంచైనా సరే, ఒక్క ముక్క జవాబియ్యి.

నీ చెల్లె
ప్రవళిక